లాగ్‌లో తొమ్మిదీ పది

నా మాట వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఐదు నెలల తర్వాత అతని తప్పేమీ లేదని నాకు తెలిసింది. తెలిశాక ఆరేళ్ళు నోరు విప్పలేదు. ఫోను మోగితే అతనేమో అనుకునేవాణ్ణి. బజారులో ఎవరైనా వెనకనుంచి పిలిస్తే చేతిలోని కూరల సంచి వదిలేసేవాణ్ణి. మా ఆవిడ బీపీ అనుకుని ఉప్పు తగ్గించింది.

నేను రాయగడలోను, కొరాపుట్‌లోను కేబుల్ ఇంటర్నెట్ పని చేశాను. ఊళ్ళన్నీ ఫైబరుకు మారిపోయాక, యాభై మూడేళ్ళకే ఇంటికొచ్చేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళకు చదివించడానికి నాలుగు అనుభవాలు రాసిమ్మని పాత ఆఫీసువాళ్ళు అడిగారు. లాగ్ ఎలా చదవాలో రాస్తే చాలన్నారు. అది రాస్తాను. కానీ నేను లాగ్ చదివి ఏం చేశానో దాచిపెట్టి, మీకు చదవడం నేర్పితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

డైరీ రాసే డబ్బా

టీవీ బొమ్మ వచ్చే తీగలోనే ఇంటర్నెట్ కూడా వచ్చేది. ఆఫీసు నుంచి తీగ స్తంభాల మీదుగా వీధుల్లోకి వెళ్తుంది. దూరం వెళ్ళేకొద్దీ సిగ్నలు నీరసిస్తుంది కాబట్టి మధ్యమధ్య స్తంభాలకు యాంప్లిఫయర్లు బిగిస్తాం. ఆఖరికి ఇంట్లో మోడెం. దాని నాలుగు దీపాలూ వెలిగితే అంతా బాగున్నట్టు. వెలగకపోతే మాకు ఫోను.

దీపాలు ఇప్పటి సంగతే చెబుతాయి. నిన్న ఏం జరిగిందో చెప్పేది లాగ్. మోడెం తనకు జరిగినవన్నీ టైముతో సహా ఒక్కో వరుసగా రాసుకుంటుంది. సిగ్నలు పోయింది, ఆఫీసును పిలిచాను, జవాబు రాలేదు, మళ్ళీ పిలిచాను, దొరికింది. లాప్‌టాప్ తగిలించి ఒక పేజీ తెరిస్తే ఇదంతా కనిపిస్తుంది. పిలిచినా జవాబు రాని వరుసలు ఒక్క ఇంట్లోనే ఉంటే తప్పు ఆ ఇంటి తీగలో ఉంటుంది. పది ఇళ్ళ మోడెంలు ఒకే సెకనుకు ఆ మాట రాసుకుంటే తప్పు స్తంభం మీద ఉంటుంది. ఈ పనిలో సగం విద్య ఇంతే.

మీరు చేసే మొదటి తప్పు కూడా ఇక్కడే చెబుతాను. ఇంట్లోకి వెళ్ళగానే మోడెం వెనక సూదితో గుచ్చి రీసెట్ కొడతారు. దీపాలు వెలుగుతాయి, ఇంటాయన టీ ఇస్తాడు, బయటపడతారు. రీసెట్ కొడితే లాగ్ తుడిచిపెట్టుకు పోతుంది. రోగి చెప్పబోతుంటే నోట్లో గుడ్డ కుక్కడమే అది. ముందు చదవండి, కాగితం మీద రాసుకోండి, తర్వాత ఏదైనా నొక్కండి.

రాయగడలో ఒక ఇంట్లో అల్లుడుగారు మా మీద మండిపడుతున్నాడు. రోజూ కనెక్షను పోతోందట, కంపెనీ దొంగదట. లాగ్ తెరిచాను. సగం వరుసల పక్కన 1970 జనవరి ఒకటి అని ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మోడెంకు టైము తెలియదు. ఆఫీసు సర్వరు చెప్పేదాకా అది ఆ తారీఖే వేసుకుంటుంది. అంటే దీని ప్లగ్గు రోజూ ఎవరో పీకుతున్నారు. ఆ మాట అన్నాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచం మీదున్న ముసలమ్మ తాపీగా, "నానే పీకుతాను. మద్దేనం కునుకు తీద్దామంటే అది కళ్ళు మిటకరించి సూస్తంది," అంది. అల్లుడుగారు నాకు బిస్కెట్లు పెట్టించాడు.

స్తంభం ఎక్కకుండా, తీగ ముట్టకుండా తేల్చేశాను. ఆ రోజు నుంచి నాకొక మాట నోటికి అంటుకుంది. లాగ్ అబద్ధం చెప్పదు, మనుషులే చెబుతారు. ఆఫీసులో, టీ కొట్టులో, చుట్టాల పెళ్ళిళ్ళలో కూడా అన్నాను. అది తప్పు మాట అని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

పైడయ్య

నాకు లైను పని నేర్పింది పైడయ్య. శ్రీకాకుళం వైపు మనిషి, నా కంటే పదేళ్ళు పెద్ద. నేను మావా అనేవాణ్ణి, అతను నన్ను సత్యం బాబూ అనేవాడు. స్తంభం మొదట్లో చెప్పులు విప్పి, సొంత తాడు నడుముకు చుట్టుకుని, బీడీ పెట్టుకున్నట్టు టెస్టరు చెవి మీద పెట్టుకుని ఎక్కేవాడు. కనెక్టరు విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. లోపలికి నీళ్ళు దిగితే తుప్పు వాసన వస్తుందట. నేను మీటరు తీసి లెక్క చూసేలోపు అతను వాసన చూసి చెప్పేసేవాడు, తొంభై పాళ్ళు నిజమయ్యేది. అది నాకు ఉక్రోషంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రాయగడ నుంచి జేకేపూర్ వెళ్ళే దారిలో మాకొక స్తంభం ఉండేది. దాని మీద యాంప్లిఫయరు, పక్కనే దానికి కరెంటిచ్చే పెట్టె. అవతల అరవై ఇళ్ళు దాని మీదే బతుకుతున్నాయి. అక్కడ వోల్టేజి ఎప్పుడూ అంతంతమాత్రమే. అందుకని రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆ పెట్టెకు మీటరు పెట్టి చూసే డ్యూటీ పైడయ్యది. వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టేవాడు.

ఒక ఎండాకాలం ఆ అరవై ఇళ్ళకూ రోజూ కాసేపు ఇంటర్నెట్ పోవడం మొదలైంది. పావుగంట, ఇరవై నిమిషాలు, మళ్ళీ దానంతటదే వచ్చేది. మేం వెళ్ళేసరికి అంతా బాగుండేది. అదే సమయంలో ఊళ్ళోకి ఇంకో కేబుల్ ఆపరేటరు వచ్చాడు. మా యజమాని రామ్మూర్తిగారికి నిద్ర పట్టడం మానేసింది. చెడ్డ మనిషి కాదు. తండ్రి టోకు కిరాణా వ్యాపారం వదిలి అప్పు చేసి కేబుల్ పెట్టినవాడు. అరవై ఇళ్ళు ఒకేసారి అవతలివాడి దగ్గరికి పోతాయేమోనని భయం. మనవాళ్ళలోనే ఎవడో వాడి దగ్గర డబ్బు తీసుకుని కనెక్టరు వదులు చేస్తున్నాడని అనుమానం పెట్టుకున్నాడు. లాగులు తీసి టైము తేల్చమని నన్ను పంపాడు.

నాలుగు ఇళ్ళలో లాగులు తీసి ప్రింటు కొట్టాను. నాలుగిట్లోనూ ఒకే మాట. తొమ్మిదీ పదికి సిగ్నలు పోయింది. మర్నాడు తొమ్మిదీ ఎనిమిది. ఆ మర్నాడు తొమ్మిదీ పదకొండు.

ఒక ఇంట్లో దర్జీ పని చేసే ఆయన, నీళ్ళొచ్చే వేళకే పోతుందండీ అని రెండుసార్లు చెప్పాడు. ఆ వీధికి నీళ్ళు వచ్చేది మధ్యాహ్నం రెండున్నరకు. నేను లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి తొమ్మిదీ పది చూపించాను. ఆయన తెర వంక చూసి, మిషన్లో ఉంటే అంతే లెండి అన్నాడు. మా ఫిర్యాదుల పుస్తకంలో కూడా రెండు చోట్ల 'మధ్యాహ్నం' అని రాసి ఉంది. చూశాను. జనం నోటికొచ్చిన టైము చెబుతారు అనుకుని పేజీ తిప్పేశాను.

ఆఫీసు గదిలో

రామ్మూర్తిగారు నా ప్రింట్లు ఒక పక్క, పైడయ్య సంతకాల రిజిస్టరు ఒక పక్క పెట్టుకుని కూర్చున్నారు. లైనువాళ్ళంతా గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"తొమ్మిదింటికి నువ్వు స్తంభం ఎక్కుతావు. తొమ్మిదీ పదికి లైను పోతోంది. అన్ని రోజులూ అంతే. ఏమంటావు పైడయ్యా?"

"ఎక్కుతాను బాబూ, కాదన్ను. మీటరెట్టి సూస్తాను, దిగిపోతాను. నాను దిగినప్పుడు లైనుంటాది. పోయేది మద్దేనం. ఆ ఇళ్ళోళ్ళనడగండి."

తర్వాత నా వైపు తిరిగాడు. "సత్యం బాబూ, నువ్వు సెప్పు. నా సేత్తో ఏసిన లైను నాను పాడు సేసుకుంటానేటి?"

అందరూ నన్ను చూశారు. నాకు తెలియదు అనొచ్చు. ఇంకో రెండు రోజులు చూద్దాం అనొచ్చు. మధ్యాహ్నం వెళ్ళి ఆ స్తంభం కింద గంటసేపు నిలబడి వస్తానని అనొచ్చు. ఇన్ని ఉండగా నేనన్నది ఇది.

"నాకేటి తెలుసు మావా. లాగ్ అబద్ధం సెప్పదు."

అతను చెవి మీది టెస్టరు తీసి బల్ల మీద పెట్టాడు. తాడు మాత్రం భుజాన వేసుకున్నాడు. "ఇది నాదే, కంపెనీది కాదు," అని చెప్పి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజున వానలు పడ్డాయి. ఆ తర్వాత ఆ లైను ఒక్కసారి కూడా పోలేదు. పైడయ్య పోయాడు, జబ్బు పోయింది అన్నారు ఆఫీసులో. రామ్మూర్తిగారు నా భుజం తట్టారు. మీరిది గుర్తుపెట్టుకోండి. మీరు తప్పు చెప్పినా జబ్బు దానంతటదే తగ్గిపోవచ్చు. అప్పుడు మీ తప్పును పట్టుకునేవాడు ఉండడు.

సిస్టరుగారి నోటు పుస్తకం

తర్వాత నన్ను కొరాపుట్ ఆఫీసుకు వేశారు. అక్కడ రిటైరైన నర్సు ఒకావిడ ఉండేది. అందరూ సిస్టరుగారనే పిలిచేవారు. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు జ్వరాల చార్టులు రాసిన చెయ్యి. తన ఇంట్లో కనెక్షను పోయినప్పుడల్లా గోడ గడియారం చూసి నోటు పుస్తకంలో గీతలు కొట్టి రాసిపెట్టింది. నేను వెళ్ళగానే పుస్తకం నా ముందు పెట్టింది. రెండూ ఇరవై అని ఉంది. నేను లాగ్ తెరిచాను. ఎనిమిదీ యాభై.

మీరు పొరపాటుగా రాశారేమో అన్నాను, నా పాత ధోరణిలోనే. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

"నాను రాసిన టైము సూసి డాట్రులు సూది మందులిచ్చేరు నాయనా. ఒక్కరూ పోలేదు. నీ డబ్బాకి పొద్దేదో మద్దేనమేదో తెలీదేమో, దాన్నడుగు."

ఆవిడ రాసిన మూడు రోజుల టైములూ నా లాగ్ పక్కన వేసుకున్నాను. మూడిట్లోనూ తేడా ఒకటే. అయిదున్నర గంటలు. మళ్ళీ లెక్క కట్టి చూశాను, అదే వచ్చింది. మంచినీళ్ళు కావాలా అని ఆవిడ అడిగింది.

అయిదున్నర గంటలంటే ఈ పనిలో ఉన్నవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు. మన టైముకీ గ్రీనిచ్ టైముకీ ఉన్న తేడా అది. మోడెంకు టైము చెప్పే సర్వరులో, మన దేశానికి ఇన్ని సెకన్లు కలుపు అని చెప్పే ఒక గడి ఉంటుంది. అందులో పంతొమ్మిది వేల ఎనిమిది వందలు అని ఉండాలి. సున్నా ఉంటే మోడెంలన్నీ గ్రీనిచ్ టైమే రాసుకుంటాయి. ఆ ఎండాకాలానికి ముందు నెలలోనే రాయగడలో పాత సర్వరు చెడిపోతే కొత్తది పెట్టాం. పెట్టింది నేను. కొరాపుట్ మోడెంలకూ టైము ఇచ్చేది అదే.

ఆఫీసుకు వచ్చి ఆ పేజీ తెరిచాను. సున్నా ఉంది.

లాగ్‌లో తొమ్మిదీ పది అంటే గోడ మీద రెండూ నలభై. నీళ్ళొచ్చే వేళ. అరవై ఇళ్ళవాళ్ళూ కుళాయిలకు మోటార్లు తగిలించుకునే వేళ. అన్ని మోటార్లు ఒకేసారి లాగితే అసలే నీరసంగా ఉన్న వోల్టేజి పడిపోతుంది, స్తంభం మీది పెట్టె ఆగిపోతుంది, మోటార్లు ఆపగానే మళ్ళీ లేస్తుంది. వానలు పడ్డాక బావులు నిండాయి, మోటార్ల అవసరం తగ్గింది. దర్జీ చెప్పింది నిజం. ఫిర్యాదుల పుస్తకం నిజం. పైడయ్య చెప్పింది నిజం. లాగ్ కూడా అబద్ధం చెప్పలేదు. దానికి నేను చెప్పిన టైమే అది రాసుకుంది.

అప్పుడు నేను చేసిన పని ఇది. సున్నా చెరిపి పంతొమ్మిది వేల ఎనిమిది వందలు కొట్టి సేవ్ నొక్కాను. ఐదు సెకన్లు పట్టింది. మర్నాటి నుంచి లాగులన్నీ సరైన టైము చూపించాయి. అక్కడ ఎప్పుడైనా సున్నా ఉండేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పొరపాటుగా సున్నా వదలడాన్ని ఎవరైనా క్షమిస్తారు. దాన్ని దిద్ది ఊరుకోవడం పొరపాటు కాదు.

ఎందుకు చెప్పలేదంటే భయం. ఇంతకంటే గొప్ప కారణం వెతికాను, దొరకలేదు. రామ్మూర్తిగారు నన్ను చూసే చూపు మారుతుందని భయం. లైనువాళ్ళు నా వెనక నవ్వుతారని భయం. తర్వాత్తర్వాత, ఇన్నాళ్ళు ఎందుకు దాచావని అడుగుతారని ఇంకో భయం. భయం నెలనెలా పెరిగిపోయింది. ఏ లాగ్ తెరిచినా ముందు గోడ గడియారం చూసేవాణ్ణి, తర్వాత చేతి గడియారం, తర్వాత ఫోను. ఒక్కోసారి ఇంట్లోవాళ్ళను కూడా అడిగేవాణ్ణి. జాగ్రత్త గల మనిషి అనుకునేవారు.

పైడయ్య సంగతి అడక్కుండానే చెవిన పడేది. రాయగడలో ఇంకో ఆపరేటరు తీసుకోలేదు. కొరాపుట్‌లోనూ తీసుకోలేదు. తీగ కోసే మనిషని పేరు పడ్డవాణ్ణి స్తంభం ఎవరు ఎక్కనిస్తారు. భార్య నరసమ్మ పుట్టిల్లు పద్మపూర్ దగ్గర. అక్కడికి వెళ్ళిపోయారన్నారు.

పద్మపూర్

పోయిన నెలలో ఈ రాత మొదలుపెట్టి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. మర్నాడు పొద్దున గుణుపూర్ వైపు బస్సెక్కాను. సంచిలో ఆ నాలుగు ప్రింట్లు ఉన్నాయి. పారేద్దామని ఎన్నిసార్లు తీశానో అన్నిసార్లూ మళ్ళీ బీరువాలోనే పెట్టాను.

పద్మపూర్‌లో మైకుసెట్టు, లైట్లు అద్దెకిచ్చే కొట్టు ముందు కూర్చుని పైడయ్య దీపాల దండలు చుట్టలు చుడుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి చుట్టడం ఆపలేదు. అతనికి కారియరు తెచ్చిన నరసమ్మ ముందుగా మాట్లాడింది.

"ఏటి బాబూ, ఈయన మీద ఎయ్యడానికి ఇంకా ఏటైనా మిగిలిపోయిందేటి?"

నేను అక్కడే నేల మీద కూర్చుని ప్రింట్లు పరిచి మొత్తం చెప్పాను. సున్నా గురించి, సిస్టరుగారి పుస్తకం గురించి, ఐదు సెకన్ల గురించి, ఆరేళ్ళ గురించి. పైడయ్య ఒక కాగితం తీసుకుని దూరంగా పెట్టి చూశాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

"తొమ్మిదీ పదికి అయిదున్నర కలిపితే రెండూ నలబై. నీళ్ళ టైము." కాగితం నాకు తిరిగి ఇచ్చేశాడు. "మద్దేనమని ఆ రోజే సెప్పేను కదా."

తప్పైపోయింది మావా అన్నాను. అతను మళ్ళీ దండ అందుకున్నాడు.

"నాకెందుకు సెప్తావు బాబూ. నాను కొయ్యనేదని నాకు తెలుసు. తెలీనోళ్ళకి సెప్పు. ఈ ఊర్లో కూడా, పెళ్ళి పందిట్లో లైట్లు కడతంటే, ఈ ముసిలోడి మీద ఓ కన్నెయ్యండి, రాయగడలో తీగలు కోసేడంట అంటారు. ఆళ్ళకి సెప్పు."

నరసమ్మ కారియరు విప్పింది. నన్ను తినమనలేదు. అలా అనకపోవడమే నాకు తేలికగా అనిపించింది. సోమవారం పొద్దున రాయగడ ఆఫీసులో చెబుతాను, వస్తావా మావా అని అడిగాను. రానన్నాడు.

సోమవారం వెళ్ళాను. లైనువాళ్ళు నిచ్చెనలు, తీగ చుట్టలు తీసుకునే వేళ అది. ఆ రోజు గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళలో ముగ్గురు ఇంకా ఉన్నారు. మిగతావాళ్ళు కొత్త కుర్రాళ్ళు. రామ్మూర్తిగారు పెద్దవారైపోయారు, చేతికర్ర పక్కన పెట్టుకుని అదే కుర్చీలో ఉన్నారు. టీ తెప్పించబోయారు. వద్దన్నాను. ఒక మాట చెప్పి అప్పుడు తాగుతాను, అప్పటికీ మీరు ఇస్తే, అన్నాను.

ప్రింట్లు బల్ల మీద పెట్టాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను. తలుపు దగ్గర అలికిడైంది. మెట్టు కింద చెప్పులు విప్పి, పైడయ్య గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. భుజాన తాడు ఉంది.

గోడ గడియారం చూశాను. తర్వాత ఇంకెటూ చూడకుండా చెప్పాను.

"ఇప్పుడు తొమ్మిదీ పది. అందరూ గోడ మీద సూడండి. ఆరేళ్ళ కిందట ఈ గదిలోనే, లైను పోయింది ఈ టైముకే అని సెప్పింది నేను. పోయింది ఈ టైముకి కాదు, మద్దేనం రెండూ నలబైకి. సర్వరులో తప్పు టైము పెట్టింది నేనే. తెలిసేక ఎవరికీ సెప్పకుండా దిద్దీసింది కూడా నేనే. పైడయ్య మావ ఏ తీగా కొయ్యనేదు. అతను మద్దేనం అన్నాడు, అదే నిజం. దొంగ పేరు అతనికి నేను పెట్టేను. ఈరోజు మీ అందరి ముందూ అది తీసీసి నా మీద ఎట్టుకుంటన్నాను. మావా, తప్పైపోయింది. సెప్పాల్సిన రోజు సెప్పనేదు. నన్ను క్షమించు."